ఐదో చప్పుడు

ఆ పొద్దున బాన్సువాడ మీద దిగిన మబ్బు సాయంత్రందాకా కురిసి, చీకటి పడ్డాక తెరిపిచ్చింది. ఒకప్పుడు లారీ నడిపిన ఆశన్న, బావమరిది గంగారాం కొత్తగా కొన్న స్పోర్ట్స్ కారును, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని బిచ్కుంద నుంచి నడుపుకొస్తున్నాడు. టైర్లో గాలి తగ్గిందని ఎర్రదీపం మళ్లీ వెలిగింది. పొద్దటి నుంచీ ఇదే గోస. ఎక్కడ చూపించినా గాలి సరిగ్గానే ఉంది.

"గీ లైటు గట్లనే సతాయిస్తది. పోనియ్ బావా," అన్నాడు గంగారాం.

"లారీ అయినా, నీ రేసు బండయినా, టైర్లు కొట్టి సూడంది నేను కదల."

ఆశన్న దిగి, లారీ రోజుల నాటి ఇనుప రాడుతో నాలుగు టైర్లనూ కొట్టాడు. నాలుగూ గాలి ఉన్నట్టు నిండుగా పలికాయి.

అలాంటిదే ఐదో చప్పుడు మలుపు అవతలి చీకట్లోంచి వచ్చింది.

"ఎవరది?"

 ఆశన్న టార్చి పట్టుకుని మలుపు దాకా నడిచాడు. వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. మనిషి జాడ లేదు. ఆశన్న ఆ చీకటికే చేతులు జోడించాడు.

కారు వెనక్కి తిప్పగానే ఎర్రదీపం ఆరిపోయింది.

చుట్టుదారిన ఇల్లు చేరాక, ఆశన్న భార్య మంజులత ఇద్దరికీ అన్నం పెట్టి తనూ కూర్చుంది. ఆశన్న మొదటి ముద్ద తీసి, దారిలో ఆపినవాళ్లకని గడప అవతల పెట్టొచ్చాడు. 

బయట కారు టైరు మీద ఒక్క దెబ్బ పడింది. నిండుగా పలికింది. ముగ్గురూ తలలెత్తకుండా అన్నం తిన్నారు.