దొంగ నంబరు

ఫోను మోగగానే కుట్టుమిషన్లు ఆగిపోయాయి.

"మళ్ళీ అదే నంబరు," అంది కుల్యాష్.

"స్పీకర్లో పెట్టక్కా!" అంది పక్క మిషను మీదున్న షోల్పాన్.

తరాజ్ ఊరి బజారు వెనక ఆ దుకాణంలో నలుగురు ఆడవాళ్ళు పెళ్ళి పరుపులు కుడతారు. ఫోన్లో దొంగలు దొరికితే ఏడిపించడం వాళ్ళకు టీ తాగినంత అలవాటు. పాపం, షోల్పాన్ అత్త నిరుడు 'ఆసుపత్రి నుంచి' అన్న ఒక గొంతును నమ్మి, మెసేజీలో వచ్చిన అంకెలు చెప్పి, బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకుంది.

"కుల్యాష్ అక్కా," అంది ఫోన్లో ఆడగొంతు, "నేను రిస్కుల్‌ని. ఆసుపత్రి నుంచి. మార్చిలో రొమ్ము ఫొటో తీయించుకున్నారు కదా? అందులో ఒక మచ్చ ఉంది. ఇంకోసారి తీయాలి."

"మచ్చా? మా ఆయన మొహం మీద కూడా ఉంది. పంపించనా?"

అందరూ విరగబడి నవ్వారు.

"సరే, ఇప్పుడు అంకెలు చెప్పమంటావు, అంతేనా?"

"నాకేమీ చెప్పొద్దక్కా. మీరే వచ్చి మూడో అంతస్తులో అడగండి."

"ఇదేదో కొత్త ఎత్తు!" అంది షోల్పాన్.

"ఇప్పుడది శనగగింజంతే ఉందక్కా. ఇప్పుడైతే అంతవరకే తీసేస్తారు. ఆలస్యమైతే..." దగ్గు తెరలో మాట ఆగిపోయింది.

"దగ్గడం కూడా నేర్పారే నీకు!" అని కుల్యాష్ పెట్టేసింది.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ నంబరు పదకొండుసార్లు మోగింది. ఆఖరిసారి రిస్కుల్ ఏమీ వివరించలేదు.

"ఎన్ని తిట్లయినా తిట్టు. తిట్టేసి వెళ్ళు," అంది.

కుల్యాష్ ఆ నంబరు బ్లాక్ చేసింది. ఆమె మొండి మనిషేం కాదు, జాగ్రత్త మనిషి. ఆ ఊళ్ళో అప్పుడు జాగ్రత్త అంటే అదే.

డిసెంబరులో స్నానం చేస్తుంటే చంక కింద గడ్డ చేతికి తగిలింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మార్చి నుంచీ ఏం చేస్తున్నారు?"

"పరుపులు కుడుతున్నాను," అంది కుల్యాష్.

"రొమ్ము మొత్తం తీసేయాలి. చంకలోకి కూడా పాకింది. తర్వాత కీమో. ఆ పైన చూద్దాం."

కుల్యాష్‌కు ముందు సిగ్గేసింది. దాని వెనకే భయమేసింది.

ఆపరేషన్‌కు చేరే రోజు ఆమె సంచీ నిండా బౌర్సాకులనే పిండి ఉండలు వేయించి తెచ్చింది. మూడో అంతస్తులో పెద్ద నర్సు సాపుర కనిపించింది.

"రిస్కుల్ ఏ గదిలో కూర్చుంటుంది? పదకొండుసార్లు ఫోన్ చేస్తే పదకొండుసార్లూ తిట్టాను. క్షమించమని అడగాలి."

సాపుర చేతిలో కాగితాలు పక్కన పెట్టింది.

"ఆమె పోయింది. నలభయ్యో రోజు భోజనాలు కూడా అయిపోయాయమ్మా."

కుల్యాష్ బౌర్సాకుల సంచీ కిందకు దించింది.

"ఎన్నేళ్ళు పనిచేసిందిక్కడ?"

"పనెక్కడిది? ఈ వార్డులోనే పేషెంటు. మేం రెండుసార్లు ఫోన్ చేసి, రాకపోతే వదిలేస్తాం. అలా వదిలేసిన పేర్లు నా వెంటపడి తీసుకుంది. మంచం మీంచే, తన ఫోన్లోంచే చేసేది."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఎందుకమ్మా అంత తాపత్రయం?"

"అంతకు ముందు ఏడు తనకూ ఇలాగే మచ్చ ఉందని నేను ఫోన్ చేస్తే, 'దొంగమొహమా' అని తిట్టి పెట్టేసింది తనే."