భీమక్క తరఫు లాయరు

“ఇయ్యాల నీ తరఫున నేను నిలబడను భీమక్కా. పద్మప్రియ నిలబడతది,” అన్నాడు లాయర్ వైకుంఠరావు.

భద్రాచలంలో గిరిజన భూముల కేసులు చూసే కోర్టు వరండా అది. బల్ల మీద కూర్చున్న భీమక్క గబుక్కున లేచింది. సారపాక మిల్లులో ఒక షిఫ్టు వదులుకుని తల్లి వెంట వచ్చిన సతీష్ ముఖం మాడిపోయింది.

వాళ్ళది వాగు పక్కన మూడెకరాలు. కౌలు కాగితమని నమ్మించి భీమక్క మామ చేత ఖమ్మం షావుకారు ఒకడు వేలిముద్ర వేయించుకున్నాడు. అది అమ్మకం కాగితమని ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి భూమి చెయ్యి దాటింది. ఆ షావుకారు నిరుడు పోతే, భూమి అతని కొడుకు పేరు మీదకు వచ్చింది. ఇప్పుడక్కడ జామాయిల్ తోట ఉంది. కాపలా మనిషిని తప్ప ఆసామిని భీమక్క ఎన్నడూ చూడలేదు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులు కొంటే చెల్లదని, కేసు వేస్తే తిరిగి వస్తుందని గూడేనికి వచ్చి మరీ చెప్పింది వైకుంఠరావే. భీమక్క మొదట ఒప్పుకోలేదు. పోయి అడిగితే ఆసామి ఇవ్వడా అంది. ఇచ్చినా రేపు అతని పిల్లలు తిరగబడతారు, కోర్టు ఆర్డరు ఉంటే ఎవరూ కదపలేరు అన్నాడాయన. ఆ మనిషి మంచోడైతే తనకు పాపం తగలదా అని ఆమె ఇంకో పేచీ పెట్టింది. మంచోడైతే పక్కవాళ్ళ భూమి ఉంచుకుంటాడా అని నవ్వేసి, దరఖాస్తు మీద వేలిముద్ర వేయించుకుపోయాడు.

ఖమ్మం నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని ఇదే. వెదురు కొట్టారని జైల్లో పడ్డవాళ్ళు, పింఛను ఆగిన ముసలమ్మలు, వరదలో ఇల్లు పోయి పరిహారం రానివాళ్ళు, అందరికీ ఆయనే దిక్కు. ఫీజు మాటెత్తడు. ఎవరైనా తేనె తెస్తే మాత్రం అస్సలు మొహమాటపడడు. సతీష్‌ను ఒకసారి జైలు నుంచి విడిపించిందీ ఆయనే. అలాంటి మనిషి తీరా విచారణ నాడు చెయ్యి వదిలేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

“నిన్నటిదాక అన్నీ మీరే చూసిండ్రు. ఇయ్యాల గిట్ల అంటే ఏంది సార్? అవతలాయనతోని ఏమన్న మాటయిందా?” అన్నాడు సతీష్.

“అవ్. అయింది,” అన్నాడు వైకుంఠరావు.

సతీష్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఎంతకు అమ్ముడుపోయావని అడగబోయి, తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు.

పద్మప్రియ దుమ్ముగూడెం వైపు పిల్ల. వైకుంఠరావు దగ్గరే పని నేర్చుకుంది. ఇదే ఆమె మొదటి కేసు. అవతలివాళ్ళు ఏ కాగితం చూపిస్తారో, దానికి ఏం జవాబు చెప్పాలో వారం రోజులుగా ఆయన పూసగుచ్చినట్టు చెప్పాడు. అయినా ఆమె ఫైలు తిరిగి ఆయన చేతికే ఇవ్వబోయింది.

“నా వల్ల కాదు సార్,” అంది.

“అయితది. అవతలి మనిషి మొఖం చూడకు, కాగితం చూసి మాట్లాడు. నువ్వు జాలిపడ్డవంటే ఈ తల్లి భూమి పోతది.”

ఆ మాట అని ఆయన నల్లకోటు విప్పి, మడిచి బల్ల మీద పెట్టాడు. కేసుతో తనకింక సంబంధం లేదన్నట్టే తోచింది సతీష్‌కు. పళ్ళు కొరుకుతున్న కొడుకు చెయ్యి పట్టుకుంది భీమక్క.

“సారుకు ఏం కష్టమొచ్చిందో ఏమో. ఆయన్ని ఏమనకు బిడ్డా,” అంది.

బంట్రోతు కేసు నంబరు పిలిచాడు. తల్లీకొడుకులు పద్మప్రియ వెనకాలే లోపలికి వెళ్ళి ఎడమవైపు నిలబడ్డారు. కుడివైపు ఇంకా ఎవరూ లేరు. తమ భూమి మింగిన మనిషిని ఇవాళైనా కళ్ళారా చూడాలని సతీష్ తలుపు వైపే చూస్తున్నాడు. అధికారి ఫైలు తెరిచి, భూమి అనుభవిస్తున్న ప్రతివాది వచ్చాడా అని అడిగారు.

“నేనే సార్,” అంటూ వైకుంఠరావు కుడివైపుకు వెళ్ళి నిలబడ్డాడు.