పెద్దనక్క గుండెనొప్పి

చెరువుకు పెద్దగా ఎన్నికైన నక్క మీద బాతుగుడ్లు మింగిన కేసు పడింది. తీర్పులు చెప్పే ఏనుగయ్య విచారణకు పిలిచినప్పుడల్లా నక్క గుండెనొప్పని పొదలో పడుకునేది, కేసు వాయిదా పడేది. బాతులు మాత్రం ఆ గుడ్లను మరిచిపోలేదు.

ఈసారీ అలాగే పడుకుంది. కాసేపటికి మీద నీడలు పడ్డాయి. కళ్ళు తెరిస్తే చుట్టూ రాబందులు! నక్కకు నిజంగానే గుండె దడదడలాడింది.

"ఎందుకొచ్చార్రా?"

"తమరికి బాగాలేదని బాతులు చెప్పాయి దొరా. తొందరేం లేదు, నిదానంగానే కానివ్వండి," అంది ముసలి రాబందు, ముక్కు రాయికి నూరుకుంటూ.

"నాకే జబ్బూ లేదు, పోండి!"

"ఆ ముక్క ఏనుగయ్యకు చెప్పి రమ్మంటారా?"

రాబందు ఒక అడుగు ముందుకేసింది.

ఆ పూట ఎవరూ పిలవకముందే నక్క ఏనుగయ్య ముందుకొచ్చి, వగరుస్తూ నిలబడింది.

"వాయిదా వద్దయ్యా! ఇప్పుడే విచారించండి!"