చెరపకూడని పేరు

నోటీసు చదివింది గురవమ్మే. ఆమె మొగుడు కామాక్షయ్యకు అక్షరాలు దూరపు చుట్టాలు, ఎప్పుడో తప్ప పలకరించుకోరు.

"పోరంబోకులో కట్టిన కొట్టు పదిహేను రోజుల్లో నువ్వే తీసేయాలంట. లేకపోతే వాళ్లొచ్చి కూలగొడతారంట," అని కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. పొద్దున కొట్టు తెరిచేసరికి తలుపు సందులో ఉంది ఆ కాగితం.

మైపాడు బీచి రోడ్డులో ఆ కొట్టే కామాక్షయ్య బతుకు. ముందు వైపు టీ, సిగరెట్లు, వేయించిన చేపలు. వెనక వైపు, తెలిసినవాళ్లకు మాత్రం, క్వార్టర్ బాటిళ్లు. ఆ వెనక వైపు ఎత్తేయమని గురవమ్మ ఏళ్ల తరబడి మొత్తుకుని, ఈ మధ్యే విసుగుపుట్టి మానుకుంది.

"ఆఫీసుకు పోయి కాళ్లావేళ్లా పడతా," అన్నాడు.

"పోయి గుర్తు చెయ్యి. పదిహేను రోజులు కూడా ఆగరు, రేపే వస్తారు."

అదీ నిజమే. గోడల నిండా దేవుడి టైల్సు అతికిద్దామనుకున్నాడు. కానీ పక్కూళ్లో ఒకడు అట్లాగే అతికిస్తే, వచ్చినవాళ్లు టెంకాయ కొట్టి, హారతిచ్చి, లెంపలేసుకుని మరీ పగలగొట్టిపోయారు.

"మా అయ్యగారిని అడుగుదాం పా," అంది గురవమ్మ. ఆమె శుక్రవారం ప్రార్థనకు పోతుంది. కామాక్షయ్యకు గంగమ్మ చాలు, అదీ ఏడాదికోసారి.

ఆ పాస్టరు, సమాధానం అనే ఆయన, ఈ మధ్యే యెరూషలేము చూసొచ్చాడు. వచ్చిన కాడి నుంచి అడిగినా అడక్కపోయినా అక్కడి సంగతులే. కొట్టు గోల చెవికెక్కించుకోలేదు.

"యూదులు దేవుడి పేరు పలకరు కామాక్షయ్యా. హెబ్రీలో నాలుగే అక్షరాలు. లేఖనంలో అవి కనబడితే 'ప్రభువు' అని చదువుకుంటారు. అంత భయం, అంత గౌరవం."

"అదేం గొప్పయ్యా," అంది గురవమ్మ. "పెళ్లయి ఇరవై రెండేళ్లయింది, నేను ఈయన పేరు పలికినానా?"

పాస్టరు విననట్టే ఉన్నాడు. "ఒకసారి రాసినాక చెరపరు. పుస్తకం చివికిపోయినా పారేయరు. మనిషిని పూడ్చినట్టు పూడుస్తారు."

కామాక్షయ్య చెవులు నిక్కబొడుచుకున్నాడు. "ఎవరూ చెరపరా? గవర్నమెంటోళ్లు కూడానా?"

"భయభక్తులుండే వాళ్లెవరూ చెరపరు."

మండలానికి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆదివారం చర్చి తప్పదని అందరికీ తెలుసు. ఇంకేం కావాలి. మర్నాడే కామాక్షయ్య పడవలకు పేర్లు రాసే పెయింటరును పిలిచి, పాస్టరు ఫోను నుంచి ఎక్కించుకున్న ఆ నాలుగక్షరాల ఫోటో చూపించాడు. ఎటు నుంచి కూలగొట్టడానికొచ్చినా అడ్డం పడాలని, నాలుగు గోడల మీదా, లోపలా బయటా, మూరెడేసి ఎర్ర అక్షరాలు రాయించాడు.

పాస్టరు వచ్చి చూసి కర్చీఫు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఎంత పని చేసినావయ్యా. ఇంక ఇక్కడ బూతు, అబద్ధం, వ్యర్థమైన పని ఏదీ నడవదు. ఆ పేరుతో ఆటలాడితే ఊరికే పోదు."

"పదిహేను రోజులే కదయ్యా," అన్నాడు కామాక్షయ్య.

ఆ సాయంత్రం చిన్నపోలయ్య వచ్చాడు. వేట నుంచి రాగానే ఇంటికి పోకముందు వెనక వైపుకు వచ్చే మనిషి. గ్లాసు ఎత్తబోయి ఆగాడు.

"ఏందిరా ఇది?"

"దేవుడి పేరు. పలకమాక."

"పలకను లే. అర్థమేంది?"

కామాక్షయ్య గురవమ్మ వైపు చూశాడు.

"ఉండేవాడు అని," అంది ఆమె చేపలకు కారం పట్టిస్తూ.

"ఎక్కడుండేవాడు?"

"ఎక్కడైనా. ఇప్పుడైతే నీ ఎదురుగానే."

చిన్నపోలయ్య ఇటు తిరిగి కూర్చున్నాడు. ఇటు గోడ మీదా ఉన్నాడు. పక్కకు జరిగాడు. అక్కడా ఉన్నాడు.

"ఇంట్లో పెళ్లాం చూస్తుందనే కదరా ఇక్కడికొచ్చేది. ఇక్కడ ఈయన చూస్తుంటే ఎట్టా తాగేది?" అని గ్లాసు పెట్టేసి లేచిపోయాడు.

అతని వెనకే మిగతావాళ్లూ. కామాక్షయ్య లోపలి గోడకు దుప్పటి కడదామనుకుంటే గురవమ్మ ఒప్పుకోలేదు. "ఆయన్ను కప్పెట్టి, మళ్లీ ఆయన్నే కాపాడమంటావా? నీకు సిగ్గుండాల." అతను కూడా రాత్రి చుక్క వేసుకుందామని మూత తీసి, గోడ చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. వారం తిరక్కముందే బాటిళ్లన్నీ తెచ్చినచోటే ఇచ్చొచ్చాడు. పాలలో నీళ్లు తగ్గాయి. బూతులు నోటిదాకా వచ్చి దగ్గుగా మారిపోయేవి. బీచికొచ్చే ఆడవాళ్లు, పిల్లలు కారు ఆపి లోపల కూర్చుని చేపలు తినిపోసాగారు.

పదిహేనో రోజు తెల్లారే తలస్నానం చేసి కొట్టు ముందు కూర్చున్నాడు. ఏ బండి చప్పుడైనా లేచి రోడ్డు వైపు చూశాడు. పొద్దుగూకింది. ఎవరూ రాలేదు. పదహారో రోజూ రాలేదు. ఇరవయ్యో రోజు కామాక్షయ్యకు ఏడుపు ఆగలేదు. గోడ ముందు సాగిలపడి, "ఉండావు తండ్రీ, నిజంగానే ఉండావు," అన్నాడు. గురవమ్మ మొహం కొంగులో దాచుకుంది. పాపం, ఆమె భుజాలు కూడా అదురుతున్నాయి.

ఇంత మహిమ ఊరికే పోనిస్తే ఎట్లా? ఆ నోటీసుకు లామినేషన్ చేయించి, పేరు కింద తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించాలనుకున్నాడు. బస్సెక్కి ఇందుకూరుపేట పోయి, కనబడిన మొదటి జిరాక్సు షాపులో కాగితం ఇచ్చాడు.

షాపు పిల్ల దాన్ని చూస్తూనే నవ్వింది.

"ఇది మైపాడు గురవమ్మక్క చర్చిలో నాటకానికని నా దగ్గర టైపు చేయించుకున్న నోటీసు కదన్నా, నాటకం బాగా జరిగిందా?"