నీలి బానకో అబద్ధం

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ మూల ముచ్చట్లు ఆపండి. పల్లీలు తినేవాళ్లు చప్పుడు కాకుండా నమలండి. ఇది సూరత్‌లో, సలాబత్‌పురా సందులో, ఒక నీలి బాన నిద్రపోయిన కథ.

"ఎల్లుండి పొద్దుటికి ఇది లేవకపోతే మోరీలో పోయిస్తా!" అని కార్ఖానా యజమాని శేఠ్ హిందీలో అరిచాడు.

అద్దకం చేసే అంబదాస్ వంగి బాన మూతమీద చెయ్యి వేశాడు. మెడదాకా నేలలో పాతిన ఆ బాన ఆయన సాకిన బిడ్డ. నీలిమందు, సున్నం, బెల్లం వేసి మూత బిగిస్తే, కంటికి కనబడని జీవాలు లోపల గాలి లేకుండా బతుకుతూ నీలిని కరిగిస్తాయి. మనకు గాలి ఆడకపోతే చావు, వాటికి గాలి తగిలితే చావు. మొన్న శేఠే మూత తీసి, మజ్జిగ చిలికినట్టు కర్రతో చిలికాడు. అంతే, బాన చల్లబడిపోయింది.

"బెల్లమేసిన, ఖర్జూరాలేసిన, కంబళి కప్పిన. ఉలుకదు, పలుకదు," అన్నాడు అంబదాస్.

తోటి పనివాడు ఉమాకాంత్ బీడీ చెవిలో దోపుకున్నాడు. "పాత అద్దకపోళ్లు ఏం జేస్తుండిరి బావా? బాన పండుకుంటే ఊర్ల ఒక పెద్ద అబద్ధం పుట్టిస్తుండిరి. అది ఎంత దూరం ఉరికితే బాన అంత జల్ది లేస్తది. చెప్పు, ఒకటి చెప్పు."

"నాకు అబద్ధాలు రావురా."

"గాలి లేకుంట బతికేటివి లోకంల రెండే. ఒకటి ఈ బాన, రెండోది పెండ్లాం ఇంట్ల లేని నువ్వు. చెప్పవయ్యా!"

అంబదాస్ బానమీది కంబళి సర్దాడు. "మా భాగీరథి... ఎల్లుండి వస్తున్నది," అన్నాడు. భాగీరథి అలిగి సిరిసిల్లలో పుట్టింటికి పోయి ఆరు నెలలు. రమ్మని అడగడానికి రోజూ ఫోన్ చేస్తాడు, "అన్నం తిన్నవా?" అని అడిగి పెట్టేస్తాడు.

అబద్ధం సందు దాటేసరికి భాగీరథి ఒక పెట్టెతో వస్తోంది. పక్క పేట బమ్రోలి చేరేసరికి మూడు పెట్టెలు, ఒక మేకపోతు. ఊరవతలి కడోదరాకు వెళ్లేసరికి ఆమె విమానంలో వస్తోంది, పైలట్ పక్క సీట్లో! పక్కగది పోశమ్మ, అబద్ధమని తెలిసి కూడా, పచ్చిపులుసుకు చింతపండు నానబెట్టింది. అన్నిటికంటే విచిత్రం, అంబదాస్ కూడా గది ఊడ్చాడు. రెండో దిండుకు గలీబు మార్చాడు. మూరెడు మల్లెలు కొని తడిగుడ్డలో చుట్టిపెట్టాడు.

గడువు రోజు పొద్దున శేఠ్ ముందర మూత తీశారు. లేచిన బానకు పైన ఉండే రాగి రంగు పొర లేదు, నురగ లేదు.

"అబద్ధం దేశమంత తిరిగింది గదరా! ఎందుకు లేవలే?" అని అంబదాస్ ఉమాకాంత్ మీదికి లేచాడు.

"నువ్వు గూడ నమ్మినవేమో బావా. నమ్మితే అది అబద్ధమెట్లయితది?"

"నమ్మలేదురా," అన్నాడు అంబదాస్ మెల్లగా. "ఆశపడ్డ. గంతే."

గుమ్మంలో పెట్టె దించిన చప్పుడైంది. బస్సు దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో భాగీరథి నిలబడి ఉంది.

"ఏందయ్యా, ఈడికెల్లి ఫోన్లొచ్చి సిరిసిల్లల అందరు నన్నే అడుగవట్టిరి, సూరత్ పోతున్నవట గదా అని. నాకు తెల్వదన్న, ఒక్కలు నమ్మలే. ఆఖరుకు నేనే నమ్మిన."

అంబదాస్‌కు బాన సంగతే గుర్తు లేదు, శేఠ్ సంగతీ గుర్తు లేదు.

పోశమ్మ మాత్రం లబలబలాడుతూ ఉరికొచ్చి, పెట్టె ఎత్తి మళ్లీ భాగీరథి చేతికే ఇచ్చింది. "అయ్యో వదినె, నువ్వొచ్చి అబద్ధాన్ని ఖరాబ్ జేస్తివి! జర రెండు దినాలు వాపస్ పోయి రా, బాన లేవనియ్యి!"