గుండె ఒక్కటి ఉండనియ్యుండ్రి

ఆపరేషన్ థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబడింది వనజ. ఎదురుగా స్ట్రెచర్ మీద ఆమె భర్త కైలాసం, మూతికి ఆక్సిజన్ మాస్కు. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే మనిషి. గుండె, ఊపిరితిత్తులు రెండూ చెడిపోయాయి. కొడుకును పోగొట్టుకున్న ఎవరో పుణ్యాత్ములు రెండూ ఇచ్చారు. వాటిని కరీంనగర్‌కు తెస్తున్న అంబులెన్సు సుల్తానాబాద్ దాటింది. నిన్న సరేనన్న వనజ ఇప్పుడు కదలనంటోంది.

డాక్టర్ భానుప్రసాద్ వచ్చారు. ముప్పై ఏళ్లుగా గుండెలు మారుస్తున్న చేయి ఆయనది.

"ఏమైందమ్మా?"

"ఊపిరితిత్తులు మార్చుండ్రి సార్. గుండె ఒక్కటి ఉండనియ్యుండ్రి."

"ఎందుకు?"

"వేరేటోళ్ల గుండె పెడితే మనిషి మారిపోడా? రేపు లేచి, నువ్వెవలు అంటే నేనేం గావాలె?"

నర్సు కిసుక్కుమంది. డాక్టర్ మాత్రం నవ్వలేదు. అంత తొందరలోనూ వనజను బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నారు. ఎంత పెద్ద డాక్టరైనా ఆ ఓపిక అందరికీ రాదు.

"ప్రేమ, యాది, కోపం అన్నీ తలకాయల ఉంటయి బిడ్డా. గుండె అంటే బాయి కాడి మోటరు. మోటరు మారిస్తే బాయిల నీళ్లు మారుతయా?"

"మారయి."

"నేను తలకాయ జోలికే పోను. నీ కైలాసం నీకే వస్తడు. నాది జిమ్మా."

వనజ లేచి దారి ఇచ్చింది.

పొద్దంతా నిలబడే ఉన్నారు భానుప్రసాద్. కొత్త గుండె మొదట మొరాయించింది. దాన్ని చేత్తో మెల్లగా ఒత్తుతూ, బుజ్జగిస్తూ, తనంతట తాను కొట్టుకునేదాకా వదల్లేదు ఆయన. చేతులంటే అవీ చేతులు.

వారానికి గొట్టాలు తీశారు. కైలాసం వనజను చూసి మెల్లగా ఏదో అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి ఉరికొచ్చింది.

"సార్, గీయన మా ఆయన కాదు."

డాక్టర్ గతుక్కుమన్నారు. "నిన్ను గుర్తుపట్టలేదా?"

"పట్టిండు. పేరుపెట్టి పిలిచిండు. 'వనజా, తిన్నవా' అన్నడు. లగ్గమై పదిహేనేండ్లాయె సార్, తిన్నవా అని ఒక్కనాడన్న అడిగినోడు కాదు."

ముప్పై ఏళ్లలో ఇలాంటి ఫిర్యాదు ఆయన వినలేదు. "మందుల మత్తమ్మా అది. ఫికర్ చెయ్యకు. నాలుగు రోజులైతే మునుపటిలెక్కనే అయితడు" అని ఊరడించారు.

వనజ ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"వద్దు సార్, మీ కాళ్లు మొక్కుత. మునుపటిలెక్క గాకుండ ఏదన్న మందుంటే రాయుండ్రి."