కొమురెల్లి కుర్చీ

కొమురెల్లి కుర్చీలో ఎవరూ కూర్చోరు. అతని బల్ల మీది కంప్యూటర్‌ను ఎవరూ ఆపరు.

హనుమకొండలోని ఆ చిన్న ఆఫీసు వాళ్లు ఊళ్లోని ఒక పెద్ద దవాఖానకు కాపలాదారులు. చేతిలో కర్ర ఉండదు, ముందు స్క్రీన్ ఉంటుంది. రోగుల వివరాలన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. దొంగెవడూ అందులోకి దూరకుండా చూడటం వీళ్ల పని.

ఆఫ్రీన్ అక్కడ చేరి నెల తిరగలేదు. చేరిన రోజే ఆమెకు ఒక మెయిల్ వచ్చింది. "వెల్‌కం. ఏమన్న కావాలంటే అడుగు. కొమురెల్లి." థాంక్స్ చెబుదామని లేచి వెళ్తే ఖాళీ కుర్చీ కనిపించింది.

"మొగిలన్నా, కొమురెల్లి ఎవరు?" అని పక్క సీటతన్ని అడిగింది.

"నేను రాకముందే పోయిండంట చెల్లె. కాజీపేట దగ్గర బండి యాక్సిడెంట్ అంటరు. సార్ ముంగట ఆ ముచ్చట తియ్యకు."

"మరి నాకు మెయిల్ వచ్చింది?"

మొగిలి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దసరాకు నాకు సుత వచ్చింది."

ఆ పూట ఆఫ్రీన్‌కు టిఫిన్ డబ్బా తెరవబుద్ధి కాలేదు.

సార్ అంటే టీమ్ పెద్ద రాజేశ్వర్ రావు. పని నేర్పడంలో పిసినారి కాడు. కొన్ని సంగతులు మాత్రం పాతవాళ్లకు కూడా చెప్పడు. అదేమంటే, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటాడు. అప్పుడప్పుడు మధ్యాహ్నం కొమురెల్లి బల్ల దగ్గర నిలబడి, కాసేపు ఏదో టైప్ చేసి, మాట్లాడకుండా వెళ్లిపోతాడు. పాపం, మరిచిపోలేకపోతున్నాడు అనుకునేది ఆఫ్రీన్.

"మనిషి పోయినంక ఆయన ఖాతా మూసెయ్యాలె. లేకుంటే ఇంటికి తాళమేసి చెవి గుమ్మానికే తగిలిచ్చినట్టు." ఇది ఆయన నేర్పిన మొదటి పాఠం.

"మరి కొమురెల్లన్న ఖాతా మూసెయ్యలేదేంది సార్?" అని ఒకసారి ధైర్యం చేసింది.

"దాని సంగతి తర్వాత చెప్త బిడ్డా" అని ఆయన మాట మార్చేశాడు.

ఆ రోజు ఆఫ్రీన్ తల్లి జుబేదాకు అదే దవాఖానలో గుండె ఆపరేషన్. "నా దగ్గర నీ తమ్ముడు మతీన్ ఉన్నడు గద. నువ్వు ఆడ కాపలా ఉంటేనే నాకు ధైర్యం" అని తల్లే కూతుర్ని ఆఫీసుకు పంపింది. రాజేశ్వర్ రావు కూడా దవాఖానలోనే ఉన్నాడు, ఏదో మీటింగులో.

మధ్యాహ్నం ఆఫ్రీన్ స్క్రీన్ మీద ఎర్ర గీత వెలిగింది. కొమురెల్లి లాగిన్ అయ్యాడు.

తల తిప్పి చూసింది. కుర్చీ ఖాళీగానే ఉంది. బల్ల మీది కంప్యూటర్‌లో మాత్రం రోగుల ఫైళ్లు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. రక్తం గ్రూపులు, మందుల మోతాదులు, ఒకదాని వెంట ఒకటి.

మొగిలి కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకున్నాడు. "ఆయనే వచ్చిండు చెల్లె."

ఆఫ్రీన్ తన స్క్రీన్ వైపు తిరిగి గట్టిగానే అంది. "దయ్యం గాదన్నా, దొంగ. సచ్చిపోయినాయన తాళంచెవి దొరికింది వానికి."

మొగిలి సార్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "జర ఆగు. సార్‌ను అడగకుండ ఏం చెయ్యద్దు."

"ఆగితే మా అమ్మీ ఫైల్ దాకా పోతడు. ఆమె ఇప్పుడు టేబుల్ మీద ఉన్నదన్నా!"

తెరుచుకుంటున్న పేర్లలో ఒక్కటీ ఆమెకు తెలిసింది కాదు. జుబేదా పేరు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఏ కూతురు చూస్తూ కూర్చుంటుంది? ఆఫ్రీన్ కొమురెల్లి ఖాతా మూసేసింది.

ఎర్ర గీత ఆరిపోయింది. ఆమె చేరిన నాటి నుంచి ఒక్కసారీ ఆరని ఆ కంప్యూటర్ మొదటిసారి నల్లబడింది. మనిషిని రెండోసారి మట్టిలో పెట్టినట్టనిపించి ఆఫ్రీన్‌కు కళ్లు చెమర్చాయి. "మాఫ్ చెయ్యి కొమురెల్లన్నా" అనుకుంది.

మొగిలి తెచ్చిన చాయ్ సగం తాగిందో లేదో ఫోన్ మోగింది. రాజేశ్వర్ రావు. గొంతులో ఎన్నడూ లేని సంబరం.

"వచ్చిండు, చూసిన్రా? ఏడికెళ్లి దూరిండో ఇంక జరసేపట్ల తెలుస్తది. ఎవ్వలు ఏం ముట్టుకోకున్రి!"

"సార్... నేను మూసేసిన. సచ్చిపోయినాయన ఖాతా గదా అని..."

ఫోన్‌లో దూరంగా ఎవరో నర్సు "ఆపరేషన్ థియేటర్ల స్క్రీన్లన్నీ పోయినయ్ సార్!" అని అరవడం వినిపించింది.

"సచ్చుడేంది బిడ్డా, కొమురెల్లి అసలు పుట్టనే లేదు; దొంగను ఉత్తుత్తి ఫైళ్లల్ల తిప్పుకుంట పట్టుకుందామని నేను పెట్టిన బోను వాడు, నువ్వు బోను తెరిచి దొంగను అసలు దవాఖాన మీదికి ఇడిసిపెట్టినవ్."